తిక్కన కత్తికి ఏ బ్యాటరీ?

నెల్లూరులో కత్తి మాట వస్తే ఖడ్గ తిక్కన రాకుండా పోడు. పదమూడో శతాబ్దంలో ఈ సీమను ఏలిన మనుమసిద్ధి కొలువులో ఇద్దరు తిక్కనలు ఉండేవారు. భారతం రాసిన సోమయాజి ఒకరు, ఆయనకు అన్నదమ్ముడి వరసయ్యే సేనాని మరొకరు. పశువుల కాపరుల నాయకుడు కాటమరాజు తన మందల్ని ఇక్కడి పచ్చిక బీళ్లలో మేపుకొని, పుల్లరి అనే మేత పన్ను కట్టనన్నాడు. పంచలింగాల దగ్గర యుద్ధం జరిగింది. తిక్కన ఓడి ఇంటికొచ్చాడు. భార్య చానమ్మ ఆడవాళ్లకు పెట్టినట్టు మంచం అడ్డం పెట్టి, పసుపుముద్ద ఉంచి స్నానానికి ఏర్పాటు చేసిందట. తల్లి ప్రోలమ్మ అన్నంలోకి విరిగిన పాలు పోసిందట. చాటువులు చెప్పే కథ ఇది. తిక్కన మళ్లీ యుద్ధానికి వెళ్లాడు, ఈసారి తిరిగి రాలేదు. ఇరవై నిమిషాల బడి నాటకానికి ఇంతకన్నా బిగువైన కథ మన జిల్లాలో దొరకదు.

ఈ కథ వేద్దామంటే ఇప్పటి పిల్లలు మొదట అడిగేది పద్యాల గురించి కాదు. "సార్, కత్తి వెలగాల సార్!" అంటారు. అట్ట కత్తిరించి తగరపు కాగితం అంటిస్తే ఒప్పుకోరు. సినిమాల్లో నీలంగా, ఎర్రగా వెలిగే కత్తుల్ని చూసి పెరిగిన పిల్లలు మరి. తప్పేమీ లేదు, వెలిగిద్దాం. అయితే ఆ వెలుగుకి ఏ బ్యాటరీ వాడాలి, ఏ దీపం వాడాలి, సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో అది నాటకం రోజు దాకా చెడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అన్నదే ఈ పూట ప్రసంగం.

పిల్లలు చూసిన ఆ సినిమా కత్తి సంగతి ముందు చెబుతాను. స్టార్ వార్స్ మొదటి సినిమా 1977లో వచ్చింది. అందులో కథానాయకుడి కత్తికి పిడి కావలసివస్తే, రోజర్ క్రిస్టియన్ అనే సెట్ అలంకరణ నిపుణుడు లండన్‌లో ఒక ఫొటో సామాన్ల కొట్లో పాత గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ పిడిని పట్టుకొచ్చాడు. పత్రికా ఫొటోగ్రాఫర్లు కెమెరా పక్కన బిగించుకునే లోహపు గొట్టం అది. దాని లోపల మూడు పెద్ద సెల్లులు పట్టేవి. కొలతల్లో చూస్తే మన ఇళ్లలో ఒకప్పుడు దూలానికి వేలాడిన మూడు సెల్లుల బ్యాటరీ లైటే! ప్రపంచమంతా మురిసిపోయిన కత్తికి పిడిగా కుదిరింది బ్యాటరీలు పెట్టుకునే గొట్టమే. కానీ ఆ సినిమాలో అలుగు వెలగలేదు. కర్రకు వెలుతురును తిప్పికొట్టే టేపు చుట్టి షూటింగు చేసి, ఆ తర్వాత ఫిల్ము మీద ఒక్కొక్క ఫ్రేముకూ వెలుగు గీశారు. అదే వరసలో 2015లో వచ్చిన సినిమాకి మాత్రం ఎల్ఈడీలతో నిజంగా వెలిగే కత్తులు చేసి నటుల చేతికిచ్చారు.

మన పౌరాణికాల్లో బాణాలు ఆకాశంలో ఢీకొని నిప్పులు కక్కడం కూడా ఫిల్ము మీద చేసిన పనే. 1961లో వచ్చిన సీతారామ కల్యాణానికి ఛాయాగ్రహణం చేసిన రవికాంత్ నగాయిచ్‌కి ఆ విద్యలో పెద్ద పేరు. రంగస్థలం మీద ఆ వెసులుబాటు లేదు. చూసేవాళ్ల కళ్ల ముందే జరగాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన సురభి కుటుంబాలు తరతరాలుగా ఆ కష్టాన్నే నెత్తిన పెట్టుకొని మాయాబజారులూ పాతాళభైరవిలూ ఆడుతున్నాయి. బడి పంతులుకి అంత సరంజామా ఎక్కడిది? అతనికి ఉండేవి ఒక పైపు ముక్క, నాలుగు సెల్లులు, ఎలక్ట్రికల్ షాపులో కొన్న ఒక రీలు దీపాలు.

ఇక్కడే చాలామంది తిరగేసి నడుస్తారు. ముందు దీపాలు కొనేస్తారు, బాగా వెలిగేవి, ఖరీదైనవి. తర్వాత వాటికి సరిపోయే బ్యాటరీ వెతుకుతారు, అది పిడిలో పట్టదు. నా మాట వింటే ముందు నాటకాన్ని చూడండి. తిక్కన కత్తి ఎప్పుడు వెలగాలి? మొదటి యుద్ధంలో వెలగనే కూడదు. ఓడి వచ్చినవాడి కత్తి అది, మామూలుగానే ఉండాలి. తల్లి మాట పడ్డాక, రెండోసారి బయల్దేరేటప్పుడు ఒర నుంచి దూసిన క్షణాన వెలగాలి. అక్కడి నుంచి తెర పడేదాకా అయిదారు నిమిషాలు. రిహార్సళ్లు, ముందు రోజు మేకప్‌తో వేసి చూసుకోవడం, ముఖ్య అతిథి ఆలస్యంగా రావడం, అన్నీ కలిపి గంట అనుకుందాం. గంటసేపు వెలిగే బ్యాటరీ చాలు. నాటకం లెక్క తేలాకే బ్యాటరీ, బ్యాటరీ తేలాకే దీపం.

ఇప్పుడు సెల్లుల దగ్గరికి వద్దాం. ఈ విషయంలో నెల్లూరుకి కొంచెం గర్వపడే హక్కుంది. 1972లో పి. ఓబుల్ రెడ్డి గారు జపాన్‌కు చెందిన మత్సుషిత సంస్థ సహకారంతో ఇండో నేషనల్ కంపెనీ పెట్టారు. నెల్లూరులోనూ తడలోనూ ఫ్యాక్టరీలు. నిప్పో అన్న పేరుతో దేశమంతా తిరిగిన సెల్లు వాళ్లదే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తడ తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, సెల్లు మన తీరానిదే అనుకోవడానికి అడ్డేమీ లేదు.

ఆ పాతకాలపు సెల్లు జింకు కార్బన్ సెల్లు. బయటి డబ్బా జింకు, అదే దాని రుణధ్రువం కూడా. మధ్యలో కార్బన్ కడ్డీ, చుట్టూ మాంగనీస్ డయాక్సైడు కలిపిన నల్లటి ముద్ద. అయిపోయిన సెల్లుని రాయితో పగలగొట్టి, ఆ కడ్డీతో గోడల మీద రాసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఈ సెల్లు స్వభావం ఏమిటంటే, నెమ్మదిగా అడిగితే చాలాకాలం ఇస్తుంది, తొందరపెడితే నీరసపడుతుంది. మీలో ఎవరైనా నన్ను చిన్న ట్రాన్సిస్టరులో వింటుంటే, మాట మామూలు గొంతులో వినడానికి దానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. గోడ గడియారానికి అంత కూడా అక్కర్లేదు. రేడియోకీ గడియారానికీ రిమోటుకీ జింకు కార్బన్ సెల్లుని మించిన చవక సరుకు లేదు. కత్తికి మాత్రం పనికిరాదు. ఎందుకో అంకెల్లో చూద్దాం.

కత్తి అలుగు రెండున్నర అడుగులు, అంటే సుమారు 75 సెంటీమీటర్లు అనుకోండి. ఇప్పుడు షాపుల్లో దొరికే రంగులు మారే ఎల్ఈడీ పట్టీల్లో మీటరుకి 60 దీపాలుండేది బాగా వాడకంలో ఉంది. మన అలుగుకి 45 దీపాలు పడతాయి. ఒక్కో దీపంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటాయి. ఒక్కో రంగు పూర్తిగా వెలిగితే సుమారు 20 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. మూడూ కలిసి తెల్లగా వెలిగితే 60. నలభై అయిదు అరవైలు 2,700, అంటే 2.7 ఆంపియర్లు. రేడియో అడిగే పదుల మిల్లీ ఆంపియర్లకీ దీనికీ పొంతన ఎక్కడ? కానీ తెలుపు వదిలేసి ఒక్క నీలమే వెలిగించండి, 900 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది. వెలుగు సగానికి తగ్గించండి, 450. సగానికి తగ్గిస్తే కళ్లకు సగం తగ్గినట్టు కనిపించదు, కాస్త మందగించినట్టు మాత్రమే ఉంటుంది. మన కన్ను వెలుతురుని వరసగా కొలవదు. స్టేజీ దీపాలు తగ్గించి కత్తిని సగం వెలుగులో చూపిస్తే, పూర్తి దీపాల కింద పూర్తిగా వెలిగే కత్తికన్నా అందంగా ఉంటుంది. సైన్సు సంగతి వదిలేసినా రంగస్థలం సంగతిగా కూడా ఇది నిజమే.

ఇక షాపులోకి వెళ్లి, "అన్నా, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి ఇయ్యి" అనేవాళ్లు చాలామంది. చదరంగా, చిన్నగా, పైన రెండు బొత్తాలతో ఉంటుంది. పిడిలో చక్కగా ఇమిడిపోతుంది. అంకె కూడా పెద్దది, తొమ్మిది! కత్తి పనికి ఇంతకన్నా చెడ్డ ఎంపిక లేదు. దాన్ని విప్పి చూస్తే లోపల ఒకటిన్నర వోల్టుల బుల్లి సెల్లులు ఆరు వరసగా ఉంటాయి. అంత చిన్నవాటిలో పట్టే సరుకెంత? మంచి ఆల్కలైన్ రకమైనా సుమారు 500 మిల్లీ ఆంపియర్ గంటలు. అసలు చిక్కు అది కూడా కాదు. దాని అంతర్నిరోధం ఎక్కువ. సన్నమూతి కూజాలో నీళ్లున్నా బిందెలోంచి వచ్చినట్టు ధారగా రావు చూడండి, అదీ దాని పరిస్థితి. ఆంపియర్ అడిగారా, వోల్టేజి దభాలున పడిపోయి, సెల్లు వేడెక్కి, కత్తి రెండు నిమిషాలు మెరిసి మసకబారుతుంది. పొగ హెచ్చరిక యంత్రాలకీ మల్టీమీటరుకీ దాన్ని వదిలేద్దాం.

ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులు మెరుగు. పైన రెండు వేలకు మించిన మిల్లీ ఆంపియర్ గంటల లెక్క చెబుతారు గానీ, అది కొంచెం కొంచెంగా వాడినప్పటి మాట. ఆంపియర్ చొప్పున లాగితే అందులో సగం రావడమే గగనం. ఒక్కరోజు నాటకానికైతే ఫరవాలేదు. ఊళ్లోని కిరాణా కొట్లో కూడా దొరకడం వాటి బలం.

నా ఓటు మాత్రం ఛార్జింగు పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్లులకి. ఒక్కోటి 1.2 వోల్టులు. ఈ తక్కువ అంకె చూసి నాసిరకం అనుకుంటారు, కాదు. ఆల్కలైన్ సెల్లు 1.5తో మొదలై జారుతూ పోతుంది. ఇది 1.2 దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి ఒక్కసారిగా పడిపోతుంది. రెండు ఆంపియర్లు అడిగినా విసుక్కోదు. నాలుగు వరసగా కలిపితే 4.8 వోల్టులు. రంగులు మారే పట్టీలకి కావలసింది అయిదు వోల్టులు, 4.8తో హాయిగా పనిచేస్తాయి. 2,000 మిల్లీ ఆంపియర్ గంటల సెల్లులతో, పూర్తి నీలం వెలుగుకి 900 లాగినా రెండు గంటలు వస్తుంది. మనం అనుకున్నది గంట. ఒక్కో సెల్లు బరువు సుమారు 30 గ్రాములు, నాలుగూ కలిసి 120. ఆ బరువు పిడిలో ఉండటం మంచిదే. అలుగు తేలిగ్గా, పిడి బరువుగా ఉంటే కత్తి తిప్పడం పిల్లవాడికి సులువు.

ఒక జాగ్రత్త. నికెల్ సెల్లులు నాలుగు వాడమన్నాను కదా అని, అవి దొరక్కపోతే అదే పెట్టెలో ఆల్కలైన్ నాలుగు పెట్టకండి. కొత్త ఆల్కలైన్ నాలుగు కలిస్తే ఆరు వోల్టులు దాటుతుంది. ఆ పట్టీలోని చిప్పులు 5.3 వోల్టులకు మించి తట్టుకోవు. ఆల్కలైన్ అయితే మూడే, 4.5 వోల్టులు. నాటకం రోజు సాయంత్రం ఆరు గంటలకి కంగారులో జరిగే పొరపాటు ఇది. పెట్టె మీద మార్కరుతో రాసి పెట్టుకోండి.

ఇంత చెప్పాక, పక్కన నిలబడ్డ తొమ్మిదో తరగతి కుర్రాడు ఊరుకోడు. "లిథియం సెల్లు పెడదాం సార్, ఒక్కటి చాలు" అంటాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. 18650 అనే సెల్లుకి ఆ పేరు దాని కొలత నుంచే వచ్చింది. 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు. 45 గ్రాముల పైచిలుకు బరువులో, మంచి రకమైతే 3,000 మిల్లీ ఆంపియర్ గంటలు దాటి, 3.7 వోల్టుల దగ్గర ఇస్తుంది. లిథియం అయాన్ సెల్లుని సోనీ 1991లో మార్కెట్టులోకి తెచ్చింది. మన శ్రీహరికోట నుంచి ఎగిరే ఉపగ్రహాల్లో ఉండేవీ ఆ జాతి బ్యాటరీలే. రాకెట్టెక్కిన సెల్లు కత్తిలో ఎందుకుండకూడదు?

రాకెట్టెక్కే సెల్లుని ఎక్కించే ముందు ఎన్ని రకాలుగానో పరీక్షిస్తారు. ఎక్కాక వేడిని, వోల్టేజిని కనిపెట్టి చూస్తూ ఉంటారు. మన ఊరి షాపులో రంగు కాగితం చుట్టి 9,900 మిల్లీ ఆంపియర్ గంటలు అని రాసి అమ్మే సెల్లుకి ఆ పరీక్షలెవరు చేశారు? ఆ కొలతలో నిజంగా దొరికే సెల్లులు 3,500 దగ్గరే ఆగుతాయి. తొమ్మిది వేల తొమ్మిది వందలన్న అంకె కనబడితే అది అబద్ధమని వేరే పరీక్ష అక్కర్లేదు. ఇంకొందరు పాడైన లాప్‌టాప్ బ్యాటరీ విప్పి సెల్లులు లాగుతారు. ఆ సెల్లు ఎన్నేళ్లు ఎలా బతికిందో మనకు తెలియదు. లిథియం సెల్లుని 4.2 వోల్టులు దాటి ఛార్జి చేసినా, రెండున్నరకి దిగువకి తోడేసి మళ్లీ ఛార్జి పెట్టినా, దాని రెండు కొసలూ జేబులో తాళంచెవికి తగిలినా మంట రావచ్చు. అది నీళ్లు చల్లితే తేలిగ్గా ఆరే మంట కాదు. షామియానా కింద, నైలాన్ దుస్తుల్లో ఉన్న పిల్లవాడి చేతిలో అలాంటిది జరగకూడదు.

పెద్దవాళ్లు, చేతికి సోల్డరింగు అలవాటున్నవాళ్లు వాడుకోవచ్చు. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లు, నమ్మకమైన కంపెనీది, సరైన హోల్డరులో పెట్టండి. సెల్లు ఒంటి మీద నేరుగా సోల్డరింగు ఐరన్ ఆనించొద్దు. టీపీ 4056 అనే చిన్న ఛార్జింగు బోర్డు చవకగా దొరుకుతుంది, 4.2 దగ్గర ఆగిపోయేలా అదే చూసుకుంటుంది. రాత్రి ఛార్జింగు పెట్టి పడుకోవద్దు. పిల్లల చేతికిచ్చే కత్తిలో మాత్రం నేను లిథియం పెట్టను. గంట నాటకానికి నికెల్ సెల్లు చాలని లెక్క తేలాక, అంత ప్రమాదం తలకెత్తుకోవడానికి కారణం ఏదీ కనబడదు.

దీనికన్నా చిన్న సెల్లు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. బాలకృష్ణుడి కిరీటంలో నెమలి పింఛం దగ్గర ఒక దీపం పెట్టడానికి బటన్ సెల్లులు వాడుతుంటారు. దీపానికి అవి చాలు. కానీ చంటిపిల్లలు మింగితే, రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది. స్క్రూ బిగించిన మూత లేని పెట్టెలో బటన్ సెల్లు పెట్టొద్దు. మింగారన్న అనుమానం వచ్చినా అరటిపండు తినిపిస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

పవర్ బ్యాంకు నడుముకి కట్టి, తీగ చొక్కా చేతిలోంచి కత్తికి తెద్దామా అని కూడా అడుగుతారు. యుద్ధం చేసేవాడికి తీగ అడ్డం. పైగా చాలా పవర్ బ్యాంకులు, లాగే కరెంటు మరీ తక్కువైతే ఫోను తీసేశారనుకొని వాటంతటవే ఆగిపోతాయి. ఒరలో పెట్టి ఆపిన కత్తి, దూశాక వెలగకపోతే ఇక పద్యం ఎవరు వింటారు?

దీపాల సంగతి త్వరగా ముగిస్తాను, బ్యాటరీ తేలాక అది సులువే. 12 వోల్టుల పట్టీలు పెళ్లిపందిళ్లకి బాగుంటాయి, కత్తికి వద్దు. వాటికి ఎనిమిది ఆల్కలైన్ సెల్లులు కావాలి. టీవీ వెనక అంటించే అయిదు వోల్టుల యూఎస్‌బీ పట్టీలు దొరుకుతాయి. ఒకే రంగు, ప్రోగ్రాము అక్కర్లేదు, స్విచ్చి వేస్తే వెలుగుతాయి. నాలుగు నికెల్ సెల్లుల మీద కాస్త మందంగా వెలిగినా చాలు. బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉండి, ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రాము బోర్డు వాడటం తెలిసిన పిల్ల ఎవరైనా ఉంటే అప్పుడు డబ్ల్యూఎస్ 2812 పట్టీ తీసుకోండి. ఒక్కో దీపాన్ని విడిగా ఆజ్ఞాపించవచ్చు. పిడి దగ్గర మొదలై మొన దాకా వెలుగు పాకుతుంది. ఒర నుంచి దూసే ఘట్టానికి అంతకన్నా ఏం కావాలి? పట్టీ ఒకవైపే వెలుగు ఇస్తుంది కాబట్టి రెండింటిని వీపులు కలిపి అంటించాలి. కరెంటు లెక్కని రెండింతలు చేసుకోవడం మరిచిపోకండి. సగం వెలుగులో వాడితే మళ్లీ 900 దగ్గరికే వస్తాం.

అలుగుకి గొట్టం ఏది? చెడిపోయిన ఎల్ఈడీ ట్యూబులైటు మీద పాలతెలుపు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దీపాల చుక్కలు కనబడకుండా వెలుగుని పరిచేందుకే దాన్ని తయారుచేశారు. మనకు కావలసిందీ అదే. అయితే కొన్ని రకాలు గాజువి, కొట్టి చూసి ప్లాస్టిక్ అయితేనే తీసుకోండి. పాత పాదరసం ట్యూబులైట్ల జోలికి అసలు పోవద్దు. అక్రిలిక్ గొట్టం మెరుస్తుంది గానీ దెబ్బకి పెళ్లుమని పగులుతుంది. పాలికార్బనేట్ వంగుతుంది, పగలదు.

ఇప్పుడు మన తీరపు సొంత సమస్య. మైపాడు, కొత్తకోడూరు, తూపిలిపాళెం వైపు బడుల్లో ఈ కత్తిని దీపావళి ముందు చేసి సంక్రాంతికి తీశారనుకోండి, వెలగదు. మధ్యలో ఈశాన్య రుతుపవనం వచ్చి వెళ్లింది. ఇసకపల్లి వైపు ఉప్పు మడుల మీదుగా వీచే గాలిలో ఏముందో నాలుకకే తెలుస్తుంది. ఆ ఉప్పు లోహం మీద కూర్చుని గాలిలోని తేమని పీల్చుకుంటుంది, కంటికి కనబడని ఉప్పునీటి పొర అవుతుంది. ఆ పొర విద్యుత్తుని పోనిస్తుంది. సెల్లులు లోపలే ఉంటే ఆ వోల్టేజి ధనధ్రువం వైపున్న రాగిని కరిగించి లాగేస్తుంది. అందుకే ఎర్ర తీగ అతుకు దగ్గర పచ్చటి చిలుము ముందు పడుతుంది. సెల్లు పెట్టెలోని స్ప్రింగులు తుప్పు పడతాయి. రొయ్యల చెరువుల మీద ఏరేటర్లకి కనెక్షన్లు ఇచ్చే మెకానిక్కులకి ఇదేమీ కొత్త కాదు, ప్రతి పంటకీ అతుకులు విప్పి గీకుతూనే ఉంటారు.

మందు కూడా వాళ్ల దగ్గరే నేర్చుకోవచ్చు. తీగల్ని మెలేసి టేపు చుట్టడం కాదు, సోల్డరింగు చెయ్యాలి. అతుకు చల్లారాక ఫ్లక్సు మిగలకుండా స్పిరిట్‌తో తుడిచి, రంగులేని గోళ్లరంగు రెండు పూతలు వెయ్యండి. ఆ పైన సిలికాన్. స్ప్రింగుల కొసలకి, సెల్లు తగిలే చోట, పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే చాలు. గొట్టం మొన మూసేయండి. పెట్టెలో దాచేటప్పుడు కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వెయ్యండి. అన్నింటికన్నా ముఖ్యం, సెల్లులు బయటికి తీసి దాచండి. మరిచిపోయిన ఆల్కలైన్ సెల్లు కారితే తెల్లటి పొక్కు కడుతుంది. అది క్షారం. దూదికి వెనిగరో నిమ్మరసమో తడిపి తుడిస్తే పోతుంది. చేత్తో గీకవద్దు.

ఇంకో చిక్కు యుద్ధంలో బయటపడుతుంది. కత్తి విసురుగా తిప్పినప్పుడు పిడిలోని సెల్లులు మొన వైపుకి తోసుకుపోతాయి. స్ప్రింగు ఆ వైపే ఉంటే అది నొక్కుకుపోయి, వెనుక కొస దగ్గర సెల్లు రెప్పపాటు సేపు తగలకుండా పోతుంది. మామూలు దీపమైతే మిణుక్కుమంటుంది, అంతే. ఆర్డుయినో ఉంటే అది మళ్లీ మొదటినుంచి లేస్తుంది, కత్తి ఆరిపోయి పిడి నుంచి నెమ్మదిగా వెలుగు పాకడం మొదలవుతుంది. చూసేవాళ్లు అది కథలో భాగమనుకుంటే అదృష్టం. సెల్లు పెట్టెని రెండువైపులా స్పాంజి దట్టించి కదలకుండా బిగించండి, సెల్లుల చుట్టూ టేపు వెయ్యండి. పట్టీ మొదట్లో ధన రుణాల మధ్య 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒకటి సోల్డరు చేస్తే అతి చిన్న కుదుపుల్ని కొంతవరకు అది మోస్తుంది. దాని కాళ్లలో రుణం ఏదో గీత చూసి పెట్టండి, తిరగేస్తే పేలుతుంది. స్విచ్చి కూడా చూసి కొనండి. బొమ్మల్లో వాడే బుల్లి స్లైడు స్విచ్చిలు అర ఆంపియరుకే అలిసిపోతాయి, రెండు ఆంపియర్లు తట్టుకునేది అడగండి. సెల్లుల పక్కనే రెండు ఆంపియర్ల ఫ్యూజు వేస్తే, తీగ ఎక్కడైనా నలిగి షార్టు అయినా అది కరిగి ఊరుకుంటుంది. అన్నీ కలిపి నలభై యాభై రూపాయల సరుకు.

నాటకానికి రెండు రోజుల ముందు సెల్లులు పూర్తిగా ఛార్జి చేసి, కత్తిని బల్ల మీద పెట్టి గంటసేపు వెలిగించి వదిలెయ్యండి. మధ్యమధ్యలో పిడి పట్టుకొని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే కరెంటు లెక్క ఎక్కడో తప్పింది, నీలం బదులు తెలుపు వెలుగుతూ ఉండొచ్చు, లేదా ఒక అతుకు సరిగా పడలేదు. నాటకం రోజుకి ఇంకో నాలుగు సెల్లులు ఛార్జి చేసి తెర పక్కన ఉండే మాస్టారి జేబులో ఉంచండి. కొత్తవీ పాతవీ కలిపి వాడొద్దు. నాలుగింటిలో నీరసపడ్డ సెల్లుని మిగతా మూడూ తిరగదోసి పాడుచేస్తాయి.

నికెల్ సెల్లులు కొన్ని వందలసార్లు ఛార్జింగు తీసుకుంటాయి కాబట్టి నాటకాల మధ్య కాలంలో బడి టార్చికో, కంప్యూటరు మౌసుకో వాడుకుంటూ ఉండండి. వాడకుండా మూల పడేసిన సెల్లే త్వరగా చెడుతుంది. నిజంగా పనికిరాకుండా పోయిన వాటిని చెత్తబుట్టలో వెయ్యొద్దు, చెరువుగట్టున పారెయ్యొద్దు. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన బ్యాటరీల్ని వెనక్కి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారుచేసిన కంపెనీలదే. బడిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, కొసలకి టేపు అంటించి అందులో వేయించండి. డబ్బా నిండాక ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి చేర్చండి. లిథియం సెల్లులుంటే వాటికి వేరే డబ్బా.